కాలిన్ చాప్మన్ జీవిత చరిత్రము

మోటారు బండి మాట వచ్చినప్పుడెల్ల మన బాలురు దాని వేగమెంత, యంత్రపు బలమెంత యని యడుగుదురు. ఆ బలమును నేలకు చేర్చు చక్రములు బండికి ఎట్లు తగులుకొని యున్నవో యడుగు వారు అరుదు. ఆ ప్రశ్నతోనే తన జీవితమంతయు గడపిన యొక ఆంగ్ల యింజనీరు చరిత్రమును ఈ సంచికయందు చదువరుల కందించుచున్నాము. ఇతడు లోటస్ అను పేరుగల పందెపు బండ్లను నిర్మించిన కాలిన్ చాప్మన్. ఇతడు 1982వ సంవత్సరమున గతించెను. ఇతని కీర్తికి వెలుగుతోపాటు నీడయు గలదు. వెలుగును మాత్రమే చూపి నీడను దాచుట చరిత్రకారునికి తగదు గనుక రెంటిని గూర్చియు వ్రాయుచున్నాము.

ముందుగా స్ప్రింగుల సంగతి కొంత చెప్పక తీరదు. ఎడ్లబండికి స్ప్రింగులు లేవు. చక్రము రాతిమీది కెక్కినచో బండియు, బండిలోని వారును ఎగిరిపడుదురు. జట్కాబండికి కమానులు గలవు. ఉక్కుబద్దలను ఒకదానిపై నొకటి పేర్చి కట్టిన ఆ కమాను తాను వంగి దెబ్బను మ్రింగును. తొలినాటి మోటారు బండ్లకును ఈ కమానులనే యమర్చిరి. తరువాత ఉక్కు కడ్డీని చుట్టలుగా చుట్టిన స్ప్రింగులు వాడుకలోనికి వచ్చెను. అయితే స్ప్రింగున కొక దుర్గుణము గలదు. ఒకమారు అణగినచో అది ఊరకుండదు. పైకి లేచి, మఱల అణగి, ఊయెలవలె ఊగుచునే యుండును. ఆ ఊపును చంపుటకు డాంపర్ అను సాధనము కావలెను. జనులు దానిని షాక్ అబ్జార్బర్ అందురు. గొట్టములో నూనె పోసి, చిన్న రంధ్రములు గల పిస్టనును అందు ఆడించినచో, ఆ సన్నని దారిని నూనె దూరిపోవుటకు పట్టు శ్రమచేత ఊపు తగ్గిపోవును. చుట్టస్ప్రింగు నడుమ ఈ డాంపరును నిలిపి రెంటిని ఒక్క సాధనముగా కూర్చినదానిని ఇప్పుడు కాయిలోవర్ అనుచున్నారు. దీనిని కనిపెట్టినవాడు చాప్మన్ కాడు. అయినను తేలికబండికి దీనిని ఎట్లు పొదుపుగా, ఎట్లు తెలివిగా వాడవచ్చునో అతడు చూపినంతగా మఱొకరు చూపలేదని చెప్పవచ్చును.

చాప్మన్ 1928వ సంవత్సరము మే నెల 19వ తేదీని ఇంగ్లండు దేశమున రిచ్మండు పట్టణమందు జన్మించెను. అతని తండ్రి లండను నగరపు ఉత్తరభాగమగు హార్న్సీలో రైల్వే హోటలు అను పూటకూళ్లయింటిని నడుపుచుండెను. కాలిన్ 1945లో లండను యూనివర్సిటీ కళాశాలలో చేరి కట్టడముల యింజనీరింగు చదివెను. వంతెనలును, ఇనుపదూలముల కప్పులును ఎట్లు బరువు మోయునో అచ్చట నేర్చెను. ఈ విద్యయే తరువాతి కాలమున అతని బండ్లకు ప్రాణమయ్యెను. విశ్వవిద్యాలయపు వైమానిక దళములో చేరి విమానము నడుపుట యును నేర్చెను. తుది పరీక్షయందు గణితమున తప్పి, మఱుసటి యేడు, అనగా 1949లో, ఆ పరీక్ష మఱల వ్రాసి పట్టము పొందెను. లెక్కలలో ఒకమారు తప్పినవాడు లెక్కలతోనే లోకప్రసిద్ధు డగుట మా విద్యార్థులు కొందఱికి ఊరట కలిగింపవచ్చును. అయినను అతడు మఱల కూర్చుండి చదివెనను మాటను వారు విడిచిపెట్టరాదు.

విద్యార్థిదశలోనే అతడు ఒక స్నేహితునితో కూడి పాత మోటారు బండ్లను కొని అమ్ముచుండెను. 1947లో ప్రభుత్వమువారు సామాన్యుల కిచ్చు పెట్రోలు కోటాను ఆపివేయగా బండ్లు కొనువారు లేక ఆ వ్యాపారము కూలెను. అమ్ముడుపోక మిగిలినది ఆస్టిన్ సెవెన్ అను పాతబండి ఒక్కటియే. దానిని అతడు తాను వివాహమాడబోవు హేజెల్ విలియమ్స్ తలిదండ్రుల యింటివెనుకనున్న షెడ్డులో విప్పి, పలకచెక్కతోను అల్యూమినియము రేకుతోను క్రొత్త ఒడలు కట్టి, 1948లో మొదటి లోటస్ బండిని సిద్ధపఱచెను. లోటస్ అనగా తామరపువ్వు. ఆ పేరు ఎందులకు పెట్టెనో అతడు ఎన్నడును బయటపెట్టలేదు. కొన్నాళ్లు విమానదళములోను, పిమ్మట ఒక అల్యూమినియము కంపెనీలోను ఉద్యోగము చేయుచు, రాత్రులయందును సెలవుదినములందును బండ్లు కట్టుచు వచ్చెను.

1952వ సంవత్సరము జనవరి 1వ తేదీని లోటస్ ఇంజనీరింగు కంపెనీ వెలసెను. దాని మూలధనము హేజెల్ ఇచ్చిన 25 పౌనుల అప్పు. కర్మాగారము తండ్రిగారి హోటలు వెనుకనున్న పాత గుఱ్ఱపుసాల. ఆ గుఱ్ఱపుసాలలో పుట్టిన ఆఱవ నమూనా బండియే అతని పేరును ఊరూర వినిపించెను. సన్నని ఉక్కుగొట్టములను త్రిభుజములుగా అతికి, వంతెనవలె కట్టిన ఆ చట్రము సుమారు 55 పౌండ్లు మాత్రమే తూగెను. ధనములేని యువకులు విడిభాగములను కొనుక్కొనిపోయి తమ యిండ్లయందే బండిని కూర్చుకొనుచుండిరి. ఫోర్డు బండి ముందు ఇరుసును నడుమకు కోసి, రెండు ముక్కలను విడివిడిగా ఆడునట్లు చేసి, ప్రతిచక్రమునకు ఒక్కొక్క స్ప్రింగు డాంపరుల జంటను నిలిపెను. వెనుక ఇరుసునకును ఇట్టి జంటలనే అమర్చెను. బరువైన కమానులు పోయెను. కమాను బండిని మోయుటయేగాక ఇరుసును అటునిటు కదలకుండ పట్టుకొను పనియు చేయును. ఒకే వస్తువునకు రెండు పనులు పెట్టుట వలన రెండును సగము సగముగానే జరుగును. చాప్మన్ ఆ పనులను వేఱుచేసెను. మోయుట స్ప్రింగు వంతు, పట్టుకొనుట సన్నని కడ్డీల వంతు, ఊపు చంపుట డాంపరు వంతు. హేజెల్‌తో అతని వివాహము 1954లో జరిగెను.

అప్పటికే పెద్దవారి దృష్టి ఇతనిపై పడియుండెను. 1956లో వాన్‌వాల్ అను ఆంగ్ల పందెపుబండి యజమాని, తన బండికి యంత్రబలముండియు మలుపులలో నిలువకుండుట చూచి, చాప్మన్‌ను పిలిపించి చట్రమును, చక్రముల అమరికను మార్పించెను. ఆ బండియే 1957లో బ్రిటిషు గ్రాండ్ ప్రీ పందెమును గెలిచి, 1958లో నిర్మాతలకు తొలిసారిగా ఏర్పడిన లోకచాంపియను పదవిని పొందెను. చాప్మన్ స్వయముగా పందెగాడు కూడను. 1956లో ఫ్రాన్సు దేశమున రాన్స్ పట్టణమందు వాన్‌వాల్ బండిని నడుపుటకు చేరి, అభ్యాసముననే తన జట్టువాని బండిని గ్రుద్ది పందెమునకు దూరమయ్యెను. తరువాత అతడు గ్రాండ్ ప్రీ పందెములకు నడుపరిగా పోలేదు.

1957లో వెలువడిన పండ్రెండవ నమూనాతో అతని పేరు యంత్రశాస్త్ర గ్రంథములకెక్కెను. అమెరికా దేశీయుడగు మాక్ఫర్సన్ అను యింజనీరు అంతకుముందే ఫోర్డు బండ్ల ముందుచక్రములకు పొడవైన డాంపరు కంబమును నిలిపి, దాని చుట్టు స్ప్రింగు పెట్టి యుండెను. చాప్మన్ దానిని వెనుకచక్రములకు తెచ్చెను. అందలి చమత్కారము చూడుడు. చక్రపు మధ్యభాగము నుండి స్ప్రింగు తొడిగిన పొడవైన డాంపరు నిటారుగా లేచి బండి పైభాగమున తగులుకొనును. చక్రమును త్రిప్పుటకు యంత్రము నుండి వచ్చు ఇరుసుకడ్డీ ఎట్లును ఉండవలసినదే గదా. ఆ కడ్డీయే చక్రము ప్రక్కకు జరుగకుండ పట్టుకొనును. ముందువెనుకలకు జరుగకుండ మఱొక సన్నని కడ్డీ చాలును. అంతకన్న తక్కువ వస్తువులతో ఆ పని చేయుట మాకు తోచదు. దీనినే చాప్మన్ స్ట్రట్టు అందురు. అదే యేడు అక్టోబరులో లండను ప్రదర్శనమున చూపిన ఎలీట్ అను బండికిని ఈ యమరికయే పెట్టెను. ఎలీట్‌కు వేఱుగా చట్రము లేదు. ఫైబర్ గ్లాసుతో చేసిన ఒడలే చట్రము. అది కంటికి మిక్కిలి యింపైనది, కంపెనీకి మాత్రము లాభము తేలేదు.

దాని తరువాతిదగు ఎలాన్ 1962లో వచ్చెను. మా యభిప్రాయమున చాప్మన్ హృదయము ఈ చిన్నబండిలో తెలిసినట్లు మఱి దేనిలోను తెలియదు. దాని నడుమ వెన్నెముకవలె ఉక్కురేకుతో చేసిన పెట్టె ఒకటి గలదు. దాని యిరుకొనలు చీలి చక్రములను పట్టుకొనును. చక్రముల అమరికను పరీక్షించుటకై తాత్కాలికముగా చేయించిన చట్రమే తుదకు నిలిచిపోయెనని చెప్పుదురు. బండి బరువు 700 కిలోలకు లోపు. దీని స్ప్రింగులు మెత్తనివి. పందెపుబండి యనగా గట్టి స్ప్రింగులని తలచువారికి ఇది వింత గొలుపును. చాప్మన్ తర్కము ఇట్టిది: చట్రము మెలిపడకుండ గట్టిగా నుండవలెను, అప్పుడు స్ప్రింగు మెత్తగా నుండి చక్రమును గతుకులపై నేల విడువకుండ నడుపును, డాంపరు ఊపును అదుపులో నుంచును. చట్రము మెత్తనిదైనచో అదియే యొక స్ప్రింగగును, కాని దానికి డాంపరు లేదు. అట్టి బండికి ఎంత మంచి సాధనములు తగిలించినను ప్రయోజనము లేదు.

అతని యత్నము లన్నియు ఫలించెనని తలపరాదు. 1963లో ఫోర్డు కంపెనీవారి కోర్టినా అను కుటుంబపు బండిని పందెములకు తగినదానిగా మార్చు పనిని అతడు చేపట్టెను. ఎలాన్ యంత్రమును అందు పెట్టి, వెనుక కమానులను తీసివేసి, చుట్టస్ప్రింగు డాంపరుల జంటలను నిలిపి, ఇరుసును పట్టుటకు త్రికోణాకారముగల బాహువు నొకదానిని ఇరుసు నడిమి పెట్టెకు తగిలించెను. మలుపులలో ఆ బండి మూడు చక్రములపై నిలిచి ముందుచక్రము గాలిలో తేలుచు పోవుట చూచి జనులు ముచ్చటపడిరి. 1964లో జిమ్ క్లార్క్ ఇట్టి బండితోనే బ్రిటిషు సాలూన్ బండ్ల చాంపియనయ్యెను. కాని సామాన్యులు దినదినము నడుపు బండ్లలో ఆ బాహువు లాగులాటకు ఇరుసుపెట్టె కీళ్లు సడలి నూనె కాఱసాగెను. 1965లో కమానులనే మఱల పెట్టవలసి వచ్చెను. స్ప్రింగును మార్చుట సులభము. ఆ క్రొత్త స్ప్రింగుతోపాటు వచ్చు బలము ఏ కీలుపై పడునో చూచుటయే కష్టము.

ఈ సందర్భమున ఇప్పటి మాట యొకటి చెప్పుట అవసరమని తలచుచున్నాము. చాప్మన్ కాలపు తేలికబండ్లకును, వాని ననుకరించి 1989లో జపాను దేశపు మాజ్డావారు విడుదలచేసిన చిన్నబండికిని, ఇట్టి మఱి యనేక బండ్లకును యజమానులు ఫాక్టరీ స్ప్రింగులను తీసివేసి, సవరించుకొనదగిన కాయిలోవరులను తగిలించుట నేడు పరిపాటి యైనది. వీనియందు డాంపరు గొట్టముపై మరలు కోయబడి యుండును. ఆ మరలపై నట్టువంటి యొక వలయము తిరుగుచు స్ప్రింగు అడుగును మోయును. దానిని స్పానరుతో పైకి త్రిప్పినచో బండి ఆ మూలయందు లేచును. క్రిందికి త్రిప్పినచో దిగును. దీనివలన స్ప్రింగు గట్టిపడునని పలువురు భ్రమపడుదురు. బండిబరువు మోయుచున్న సామాన్యపు స్ప్రింగు వలయము త్రిప్పినంతమాత్రమున గట్టిపడదు. బండి యెత్తు మాత్రమే మాఱును. గట్టిదనము కావలెనన్న స్ప్రింగునే మార్చవలెను. మఱియు మంచి రకపు సాధనములలో డాంపరు నూనెదారిని సన్నము గాని వెడల్పు గాని చేయుటకు చిన్నపాటి బిరడ యుండును.

అన్ని మూలలను సవరించుటలోని అసలు లాభము ఎత్తుకన్న తూకమున గలదు. నాలుగుకాళ్ల కుర్చీని తలపుడు. ఒక కాలు రవంత పొడవైనచో దానికి ఎదురుమూలనున్న కాలితో కలిసి అదియే బరువంతయు మోయును, తక్కిన రెండును తేలిపోవును. బండికిని అంతే. నాలుగు చక్రముల క్రింద నాలుగు త్రాసులను పెట్టి, నడుపరి కూర్చుండు చోట అతనియంత బరువు నుంచి, వలయములను కొంచెము కొంచెముగా త్రిప్పుచు, ఎదురెదురు మూలల జంటలకు సమానమైన బరువు పడునట్లు చేయుదురు. అట్లు చేసిన బండి కుడిమలుపునను ఎడమమలుపునను ఒకే తీరున నడచును. ఈ పని పూర్తియైన పిమ్మట చక్రముల వాలును, ముందుచూపును మఱల కొలిచి సరిచేయవలెను. ఏలయన ఎత్తు మాఱగానే అవియు మాఱును.

అయితే బండి నేలకు ఎంత దిగిన అంత చక్కగా నుండునను మోజు కొందఱి కున్నది. అట్టివారు వలయమును అడుగంట త్రిప్పుదురు. అప్పుడు డాంపరు కదలుటకు చోటు మిగులదు. చిన్న గుంటలోనే అది అడుగునకు తగిలి, ఆ క్షణమున స్ప్రింగు లేని యెడ్లబండివలె చక్రము దెబ్బను నేరుగా ఒడలికి చేర్చును. చక్రము నేలను విడిచినచో బ్రేకును పనిచేయదు, చుక్కానియు పనిచేయదు. గట్టి స్ప్రింగు పెట్టి పాత డాంపరు నుంచినచో ఊపు చావక బండి ఎగురుచుండును. ఎలాన్ బండిని గట్టి స్ప్రింగులతో బిగించినవారిలో పెక్కురు దాని సొగసు పోయినదని మొఱపెట్టి, మఱల మెత్తని స్ప్రింగుల కేగిరి. వారిని చూచి మాకు జాలియు, కొంత నవ్వును కలుగుచున్నది.

ఇక పందెముల సంగతి. యంత్రమును నడుపరి వెనుక నుంచిన 18వ నమూనాతో 1960లో స్టిర్లింగ్ మాస్ మొనాకో పందెమును గెలువగా, లోటస్‌కు తొలి గ్రాండ్ ప్రీ విజయము లభించెను. 1961లో ముందు స్ప్రింగులను గాలికి అడ్డురాకుండ ఒడలిలోపలికి జరిపి, పైబాహువును త్రాసుకోలవలె ఆడించి వానిని నొక్కునట్లు చేసెను. 1962లో వచ్చిన 25వ నమూనాలో గొట్టముల చట్రమును విడిచి, అల్యూమినియము రేకుతో పడవవలె చేసిన గట్టి తొట్టిని చట్రముగా నిలిపెను. స్కాట్లండు దేశపు గొఱ్ఱెల రైతు జిమ్ క్లార్క్ దీనితో 1963లో 10 పందెములకు 7 గెలిచి లోకచాంపియనయ్యెను. 1965లో మఱల చాంపియనగుటయేగాక అమెరికాలో ఇండియానాపోలిస్ 500 మైళ్ల పందెమునను గెలిచెను. తనవారు గెలిచినప్పుడెల్ల చాప్మన్ నల్లని టోపీని ఆకాశమున కెగురవేయుచు బాటప్రక్కకు దూకుట జనులకు పరిచితమైన దృశ్యము. అతని జీవితకాలమున లోటస్ బండ్లు నిర్మాతల చాంపియను పదవిని 7 మార్లును, వాని నడుపరులు లోకచాంపియను పదవిని 6 మార్లును పొందిరి.

తేలికదనమునకు అతడు చెల్లించిన వెల, సరిగా చెప్పిన ఇతరులచేత చెల్లింపించిన వెల, ఇక చెప్పవలెను. 1960లో బెల్జియము దేశమున స్పా పందెపుబాటపై అభ్యాసము చేయుచుండగా మాస్ నడుపుచున్న లోటస్ వెనుకచక్రము ఊడిపోయి అతని కాళ్లు విఱిగెను. ఆ దినముననే మఱొక లోటస్‌లో చుక్కాని కడ్డీ విఱిగి వేఱొక యువకుడు తీవ్రముగా గాయపడెను. మఱునాటి పందెములో ఆలన్ స్టేసీ అను లోటస్ నడుపరి, ముఖమునకు పక్షి తగిలి మరణించెనని చెప్పుదురు; అది బండి దోషము కాదు. తక్కిన రెండును లోహము విఱిగి కలిగిన యాపదలే. వస్తువును విఱుగుటకు ముందున్న హద్దువఱకు సన్నము చేయుట అతని పద్ధతి. ఆ హద్దు కాగితముపై నొకచోట నుండును, గతుకుల బాటపై మఱొకచోట నుండును.

1968వ సంవత్సరము ఏప్రిలు 7వ తేదీని జర్మనీలో హాకన్‌హైమ్ పందెమున జిమ్ క్లార్క్ బండి బాట తప్పి చెట్లను గ్రుద్దగా అతడు మరణించెను. వెనుక టైరులోని గాలి పోవుటయే కారణమని పలువురి తలపు. అతడు చాప్మన్‌కు నడుపరి మాత్రమే కాడు, ప్రాణమిత్రుడు. అతని మరణముతో చాప్మన్ కృంగిపోయెను. అయినను ఆ సంవత్సరమే గ్రాహమ్ హిల్ లోటస్‌తో చాంపియనయ్యెను.

1970లో వెలువడిన 72వ నమూనా గొప్ప బండి. స్ప్రింగుకు క్రింద చక్రముతోపాటు ఎగసి దిగు బరువు ఎంత తగ్గిన చక్రము అంత చురుకుగా నేలను అనుసరించును. అందుచేత చాప్మన్ ముందు బ్రేకులను చక్రముల నుండి తీసి బండి ఒడలిలో పెట్టించి, చక్రమునకును బ్రేకునకును నడుమ సన్నని కడ్డీలను అమర్చెను. ఆ బండితో యోఖెన్ రింట్ వరుసగా పందెములు గెలుచుచు వచ్చెను. సెప్టెంబరు 5వ తేదీని ఇటలీలో మోన్జా బాటపై అభ్యాసమున కుడివైపు ముందు బ్రేకు కడ్డీ విఱిగి, బండి ప్రక్కకు లాగుకొనిపోయి ఇనుపకంచెను గ్రుద్దెను. ఆ కంచె సరిగా బిగింపబడి యుండనందుననే రింట్ మరణించెనని విచారణలో నిర్ణయించిరి. మరణానంతరము లోకచాంపియను బిరుదు పొందినవాడు అత డొక్కడే. కంచె నిలిచియున్నచో అతడు బ్రతికియుండునేమో. కడ్డీ నిలిచియున్నచో అతడు కంచెదాక పోవుటయే లేదు. చాప్మన్‌ను గూర్చి వ్రాయువారిలో కొందఱు మొదటి మాటను మాత్రమే చెప్పుదురు, కొందఱు రెండవ మాటను మాత్రమే చెప్పుదురు. మాకు రెండును నిజముగానే తోచుచున్నవి.

చాప్మన్ తరువాత గాలినే స్ప్రింగులపై బరువుగా మార్చుట యభ్యసించెను. 1977, 1978 సంవత్సరములలోని 78, 79వ నమూనాల క్రిందిభాగమును తలక్రిందులైన విమానపు ఱెక్కవలె మలచి, బండి క్రింద పాఱు గాలి బండిని నేలకు పీల్చునట్లు చేసెను. మారియో ఆండ్రెట్టి 1978లో చాంపియనయ్యెను. ఆ యేడే మోన్జాలో జరిగిన ఢీకొనుటయందు గాయపడి అతని జట్టువాడు రానీ పీటర్సన్ మఱునాడు ఆసుపత్రిలో మరణించెను. ఈ పీల్పు నిలుకడగా నుండవలెనన్న బండి యెత్తు మాఱరాదు. ఎత్తు మాఱకుండుటకు స్ప్రింగులు మిక్కిలి గట్టిగా నుండవలెను. మెత్తని స్ప్రింగుల గుణము లోకమునకు తెలిపినవాని బండ్లలోనే నడుపరుల వెన్నెముకలు అదరసాగెను. దీనికి విరుగుడుగా 1981లో 88వ నమూనాయందు రెండు చట్రములు పెట్టెను: గాలిబరువు మోయుటకు గట్టి స్ప్రింగులతో నొకటి, నడుపరి కూర్చుండుటకు మెత్తని స్ప్రింగులతో నొకటి. ఎదురుజట్లు అభ్యంతరము చెప్పగా అధికారులు దానిని నిషేధించిరి. ఆ బండి ఒక్క పందెమునందును పాల్గొనలేదు.

అతని చివరి యేండ్లను మఱొక నీడ కప్పెను. అమెరికా దేశీయుడగు జాన్ డెలోరియన్ ఉత్తర ఐర్లండులో మోటారు కర్మాగారము నెలకొల్పుటకు బ్రిటిషు ప్రభుత్వము నుండి ధనము పొంది, బండిని తీర్చిదిద్దు పనిని 1978లో చాప్మన్‌కు అప్పగించెను. ఎలాన్‌లోని వెన్నెముక చట్రమువంటిదే ఆ బండికిని పెట్టిరి. 1982లో ఆ కంపెనీ కూలిపోగా, లోటస్ పనికై ఇచ్చిన సొమ్ములో పెద్దమొత్తము దారి మళ్లినట్లు బయటపడెను. లోటస్ ఆర్థిక వ్యవహారములు చూచిన అధికారికి 1992లో శిక్ష పడెను. చాప్మన్ బ్రతికియున్నచో అతనికి 10 సంవత్సరములకు తక్కువగాని ఖైదు విధించియుందునని న్యాయమూర్తి అప్పుడు పలికెను. చాప్మన్ బోనులో నిలిచి తన పక్షము చెప్పుకొనుటకు అప్పటికి లేడు. తన బండ్లలో ఒక్క ఔన్సు బరువును లెక్కలేక విడువనివాని పుస్తకములలో ప్రజల సొమ్ము లెక్క తప్పుట శోచనీయము.

రెండు చట్రముల బండి నిషేధింపబడిన పిమ్మట చాప్మన్ ఉక్కుస్ప్రింగునే తీసివేయవలెనని తలచెను. దాని స్థానమున నూనె ఒత్తిడితో పనిచేయు జాకీలను నిలిపి, బాటను బట్టి ఏ చక్రము ఎంత లేవవలెనో, ఎంత దిగవలెనో ఒక కంప్యూటరు క్షణక్షణము ఆజ్ఞాపించునట్లు అతని యింజనీర్లు అమర్చిరి. స్పానరుతో నిలిచియున్నప్పుడు చేయు సవరణను బండి పరుగులోనే తనంత తాను చేసికొనును. 1982వ సంవత్సరము డిసెంబరు 16వ తేదీని ఆ యమరికగల పందెపు బండిని మొదటిసారి పరీక్షించిరి. ఆ దినముననే నార్ఫోకు ప్రాంతమున చాప్మన్ గుండెపోటుచే మరణించెను. అప్పటికి అతని వయస్సు 54 సంవత్సరములు. 1987లో ఎయిర్టన్ సెన్నా ఆ విధపు లోటస్‌తో మొనాకో పందెమును గెలిచెను. 1994 నుండి గ్రాండ్ ప్రీ పందెములలో అట్టి యమరిక నిషేధింపబడగా పందెపు బండ్లన్నియు ఉక్కుస్ప్రింగులకును, నూనెడాంపరులకును మఱలెను. వానిని అభ్యాసదినమున నిపుణులు స్పానరుతోనే సవరింపసాగిరి.